పోలో 1.0 టీఎస్‌ఐలో శక్తి పెంపు, ఇంజను మన్నిక: తరచుగా అడిగే ప్రశ్నలు

పుణె దగ్గరి చకన్ కర్మాగారంలో తయారై, 2010 నుంచి 2022 వరకు మన దేశంలో అమ్ముడైన ఫోక్స్‌వ్యాగన్ పోలోను ఇప్పటికీ ప్రేమగా చూసుకునే వారు తెలుగు రాష్ట్రాల్లో చాలామంది ఉన్నారు. వారిలో 2020 తర్వాతి 1.0 టీఎస్‌ఐ కొన్నవారు, వాడిన కారుగా ఇప్పుడు కొంటున్నవారు తరచు అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఇంజనును పందెపు బండిగా మార్చడం గురించి కాక, రోజూ ఆఫీసుకు వెళ్లి, పండక్కి కుటుంబంతో ఊరికి వెళ్లే కారులో కొంత అదనపు శక్తిని ఎలా నిలబెట్టుకోవాలన్నదే ఇక్కడి విషయం. ఇంజను కంప్యూటరులోని పట్టికలను, అంటే మ్యాపును, మార్చి ఆ శక్తిని తెప్పించడాన్నే రీమ్యాప్ అంటారు.

ఈ ఇంజను కంపెనీ నుంచి ఎంత శక్తితో వస్తుంది? అందులో పెంచుకోవడానికి చోటు ఉందా?

ఇది 999 సీసీల, మూడు సిలిండర్ల, టర్బో (గాలిని నొక్కి లోపలికి పంపే పరికరం) ఉన్న పెట్రోలు ఇంజను. 110 పీఎస్ (హార్స్‌పవర్ కొలత) శక్తిని, 175 న్యూటన్ మీటర్ల టార్కును (తిప్పే బలాన్ని) ఇస్తుంది. పెట్రోలు నేరుగా సిలిండరులోకే చిమ్ముతుంది. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని ఇంటర్‌కూలరు చల్లబరుస్తుంది.

చోటు ఉందనడానికి మంచి ఆధారం కంపెనీ చేతిలోనే ఉంది. ఇదే కుటుంబానికి చెందిన 1.0 టీఎస్‌ఐతో యూరప్‌లో అమ్మిన 'అప్ జీటీఐ' అనే చిన్న కారు 115 పీఎస్, 200 న్యూటన్ మీటర్లు ఇచ్చేది. మన దగ్గరి టైగన్, వర్టస్ కార్లలో ఇదే ఇంజను 115 పీఎస్, 178 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. వారంటీ మోయవలసిన తయారీదారే 200 దగ్గర ఆగాడంటే, ఆ అంకెను మనం తేలికగా తీసుకోకూడదు. విడిభాగాల్లో చిన్న తేడాలు ఉండవచ్చు కనుక దాన్ని హామీగా భావించనక్కరలేదు, కానీ మన లెక్కకు అది నమ్మదగిన కొలమానం.

శక్తి ముఖ్యమా, టార్కు ముఖ్యమా?

ఇంజను మన్నిక అంతా ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. శక్తి అనేది టార్కును, ఇంజను తిరిగే వేగాన్ని గుణిస్తే వచ్చేది. న్యూటన్ మీటర్లను ఆర్‌పీఎంతో (నిమిషానికి ఇంజను తిరిగే చుట్ల సంఖ్యతో) గుణించి 7022తో భాగిస్తే పీఎస్ వస్తుంది. 175 న్యూటన్ మీటర్లు 4000 ఆర్‌పీఎం దగ్గర ఉంటే దాదాపు 100 పీఎస్. 5000 ఆర్‌పీఎం దగ్గర 110 పీఎస్ రావాలంటే 154 న్యూటన్ మీటర్లు చాలు. అంటే పై వేగాల్లో టార్కు క్రమంగా తగ్గుతున్నా, శక్తి మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఇద్దరు రీమ్యాప్ చేసేవారిని ఊహించుకోండి. ఒకరు 2000 ఆర్‌పీఎం దగ్గరే 240 న్యూటన్ మీటర్లు తెప్పిస్తారు. యాక్సిలరేటరు తొక్కగానే వీపు సీటుకు అంటుకుంటుంది, కారు యజమాని సంతోషిస్తాడు. కానీ ఆ క్షణంలో వస్తున్న శక్తి 68 పీఎస్ మాత్రమే, కనెక్టింగ్ రాడ్డు మీద, క్లచ్ మీద పడుతున్న బలం మాత్రం అన్నిటికంటే ఎక్కువ. మరొకరు 2500 ఆర్‌పీఎం వరకు టార్కును మెల్లగా పెరగనిచ్చి, 200 దగ్గర ఆపి, దాన్ని 4500 ఆర్‌పీఎం వరకు నిలబెడతారు. అక్కడ 128 పీఎస్ వస్తుంది. రెండో కారు మొదటి నిమిషంలో అంత ఆశ్చర్యపరచకపోవచ్చు, కానీ విజయవాడ హైవే మీద లారీని దాటేటప్పుడు పనికొచ్చేది అదే, లక్ష కిలోమీటర్ల తర్వాత కూడా మంచి స్థితిలో ఉండేదీ అదే.

నా కారుకు మొదట చేయించింది మొదటి రకం మ్యాపే. పదకొండు వేల కిలోమీటర్లు తిరగకముందే, శ్రీశైలం ఘాట్ ఎక్కుతుండగా మూడో గేరులో క్లచ్ జారడం మొదలైంది. తప్పు క్లచ్‌ది కాదు, దానికి తగని భారం మోయించిన నాది. అప్పటి నుంచి ఎవరు అడిగినా ఎన్ని పీఎస్ కావాలని కాక, ఎంత టార్కు ఏ ఆర్‌పీఎం దగ్గర కావాలని ముందు అడుగుతున్నాను.

ఎక్కడ ఆగాలి?

బలహీనమైన భాగం ఎక్కడ ఉంటే అక్కడ. మాన్యువల్ పోలోలోని ఆరు గేర్ల గేరుబాక్సు ఎంక్యూ200 కుటుంబానికి చెందినది. ఆ పేరులోని 200 అనేది దాన్ని ఎంత టార్కు కోసం రూపొందించారో సూచిస్తుంది. ఆ అంకె దాటిన మరుక్షణం గేరు పళ్లు విరిగిపోవు, తయారీదారులు కొంత మిగులు ఉంచుతారు. కానీ ఆ మిగులు మనం రీమ్యాప్ కోసం వాడుకోవడానికి ఉంచింది కాదు. గుంతలో చక్రం పడి లేచినప్పుడు, హడావిడిగా క్లచ్ వదిలినప్పుడు, నిండా సామాను వేసుకుని ఘాట్ ఎక్కేటప్పుడు పడే అదనపు దెబ్బల కోసం అది ఉంది.

అందుకని రోజువారీ మాన్యువల్ కారుకు 200 న్యూటన్ మీటర్లు, 125 పీఎస్ చుట్టుపక్కల శక్తి సరైన హద్దని నా అభిప్రాయం. టార్క్ కన్వర్టరు ఆటోమేటిక్‌కు కొంచెం ఎక్కువ ఓర్పు ఉంటుంది, అయితే దాని కంప్యూటరుకు సొంత టార్కు పరిమితి ఉంటుంది కాబట్టి ఇంజను మ్యాపు ఒక్కటే మారిస్తే గేర్లు పడే తీరు చెడుతుంది. పాత 1.2 టీఎస్‌ఐతో వచ్చిన ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) పొడి క్లచ్‌ల గేరుబాక్సు. నగరపు ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం కదిలేటప్పుడే అది బాగా వేడెక్కుతుంది. అలాంటి కారు యజమానులు మరింత జాగ్రత్తగా ఉండాలి.

మొదట డబ్బు దేని మీద పెట్టాలి?

రీమ్యాప్ మీద కాదు. నాలుగైదేళ్లు తిరిగిన కారులో కంపెనీ ఇచ్చిన 110 పీఎస్ పూర్తిగా వస్తున్నాయో లేదో ముందు చూసుకోవాలి. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, అరిగిన స్పార్కు ప్లగ్గులు, బలహీనపడిన ఇగ్నిషన్ కాయిల్, సన్నగా గాలి కారుతున్న టర్బో హోసు ఉన్న కారుకు కొత్త మ్యాపు వేయడమంటే జ్వరంలో ఉన్న మనిషి చేత బరువు మోయించడమే. ఈ ఇంజనులో పెట్రోలు నేరుగా సిలిండరులోకి చిమ్ముతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వులను కడిగేందుకు అక్కడికి పెట్రోలు రాదు. ఏళ్ల తరబడి నూనె ఆవిరి పేరుకుని వాల్వుల వెనక నల్లటి మసి కడుతుంది. ఎక్కువ తిరిగిన కారైతే రీమ్యాప్‌కు ముందు ఒకసారి కెమెరా పెట్టి చూడమని మెకానిక్కును అడగండి.

కూలెంట్ మట్టం కూడా చూడాలి. డబ్బాలో మట్టం నెలనెలా కొద్దికొద్దిగా తగ్గుతుంటే, నింపుకుంటూ పోకుండా వాటర్ పంపు, థర్మోస్టాట్ ఉండే ప్లాస్టిక్ హౌసింగ్ దగ్గర ఎండిన మరకల కోసం వెతకండి. టైమింగ్ బెల్టు స్థితిని కూడా అప్పుడే చూడమనండి. ఇంత చేసిన తర్వాత చాలామందికి కారు 'కొత్తగా' అనిపించి, రీమ్యాప్ ఆలోచన కొన్నాళ్లు వాయిదా పడుతుంది. అదేమీ నష్టం కాదు.

రీమ్యాప్ అంటే లోపల ఏం మారుస్తారు?

యాక్సిలరేటరు ఎంత తొక్కితే ఎంత టార్కు అడగాలి, దానికి టర్బో ఎంత బూస్టు (గాలి పీడనం) ఇవ్వాలి, పెట్రోలు ఎంత చిమ్మాలి, స్పార్కు ఎప్పుడు పుట్టాలి అనే పట్టికలన్నీ ఇంజను కంప్యూటరులో ఉంటాయి. మంచి మ్యాపులో ఈ పట్టికలు ఒకదానితో ఒకటి పొందికగా మారతాయి. ఉష్ణోగ్రత పెరిగితే బూస్టు తగ్గించే రక్షణలు, నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండినప్పటి టకటక శబ్దం) వినబడితే స్పార్కును ఆలస్యం చేసే రక్షణలు చెక్కుచెదరకుండా ఉంటాయి. చెడ్డ మ్యాపులో పరిమితి అంకెలను ఒక్కసారిగా పైకి లాగేసి, అడ్డొచ్చిన రక్షణను ఆపేస్తారు. రెండూ ఒకే ధరకు దొరకవచ్చు, డైనో (శక్తిని కొలిచే యంత్రం) కాగితం మీద రెండో దాని అంకె పెద్దదిగానూ కనబడవచ్చు.

అందుకే డబ్బు ఇచ్చే ముందు మూడు విషయాలు అడగండి. పాత ఫైలును భద్రపరిచి మీకు ఇస్తారా? మీ కారు నుంచే రికార్డు చేసిన లాగ్ (నడిచేటప్పటి ఇంజను అంకెల నమోదు) చూసి మ్యాపు సరిదిద్దుతారా, లేక వేరే ఎక్కడో తయారైన ఫైలును అలాగే ఎక్కిస్తారా? ముందు, తర్వాత ఒకే డైనో మీద, ఒకే రోజు కొలుస్తారా? ఈ మూడింటికి సూటిగా జవాబు చెప్పని షెడ్డు నుంచి మర్యాదగా వెనక్కి రావడం మేలు.

ఇంజను కంప్యూటరును ముట్టుకోకుండా, వైరింగ్ మధ్యలో తగిలించే ట్యూనింగ్ బాక్సు వాడవచ్చా? వారంటీకి అదే మంచిదంటారు కదా?

ఆ బాక్సు చేసే పని సెన్సరు చెప్పే అంకెను తగ్గించి చూపడం. బూస్టు నిజానికి ఎక్కువ ఉన్నా తక్కువ ఉందని ఇంజను కంప్యూటరు నమ్ముతుంది, ఆ నమ్మకంతోనే మరింత బూస్టు అడుగుతుంది. తప్పుడు అంకెల మీద పనిచేస్తున్నప్పుడు రక్షణలు కూడా తప్పుగానే పనిచేస్తాయి. విప్పేస్తే జాడ తెలియదన్న ఒక్క సౌకర్యం కోసం ఇంజనుకు కళ్లకు గంతలు కట్టడం నాకు సమ్మతం కాదు. వారంటీ ఇంకా మిగిలి ఉంటే అది ముగిసేదాకా ఆగడమే నిజాయితీ గల మార్గం.

మన పెట్రోలు దీనికి సరిపోతుందా?

నాకింగ్‌ను తట్టుకునే శక్తికి కొలత ఆక్టేన్ సంఖ్య. మామూలు పెట్రోలుకు చాలాకాలం 91 కనీస ప్రమాణంగా ఉండేది. ప్రీమియం రకాలు 95 స్థాయిలో, ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో తెచ్చిన ఎక్స్‌పీ100 వంటివి 100 స్థాయిలో ఉంటాయి. 100 ఆక్టేన్ కోసం రాసిన మ్యాపు డైనో మీద చాలా బాగుంటుంది. కానీ అలాంటి పెట్రోలు హైదరాబాద్ వంటి పెద్ద నగరాల్లో కొన్ని బంకుల్లోనే దొరుకుతుంది. రాత్రి పదింటికి ఆదోని దాటాక కనబడిన ఒకే ఒక బంకులో ఏది ఉంటే అదే పోయించుకోవాలి. కాబట్టి మీ ఊళ్లో, మీరు తిరిగే దారిలో ఎప్పుడూ దొరికే పెట్రోలుకే మ్యాపు రాయించండి, పై రకం దొరికిన రోజు దాన్ని అదనపు రక్షణగా భావించండి.

ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు సంగతి వేరు. ఇథనాల్ ఆక్టేన్ సంఖ్య సుమారు 108, పైగా ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది, కనుక నాకింగ్ విషయంలో అది మేలే చేస్తుంది. కానీ అదే శక్తికి ఇంధనం ఎక్కువ కావాలి. కలవని పెట్రోలుతో పోలిస్తే పరిమాణంలో సుమారు 6 నుంచి 7 శాతం ఎక్కువ చిమ్మవలసి వస్తుంది. రీమ్యాప్‌తో పెరిగిన అవసరానికి ఇదీ తోడైతే, అధిక పీడన పంపు, ఇంజెక్టర్లు తమ పరిధి చివరకు చేరవచ్చు. పూర్తి యాక్సిలరేటరులో ఇంజెక్టర్లకు ఇంధనం పంచే గొట్టంలోని పీడనం అడిగినంత నిలబడుతోందో లేదో లాగ్‌లో తప్పక చూడాలి. పాత కార్లన్నీ ఇరవై శాతం ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని తయారైనవి కావు కాబట్టి పెట్రోలు గొట్టాలు, రబ్బరు సీళ్లు పగుళ్లు తేలాయేమో సర్వీసు చేయించిన ప్రతిసారీ చూపించండి.

'తక్కువ ఆర్‌పీఎంలో తొక్కకూడదు' అంటారు. ఎందుకు?

చిన్న టర్బో ఇంజన్లకు ఒక ప్రత్యేకమైన జబ్బు ఉంది. 1500 నుంచి 2000 ఆర్‌పీఎం మధ్య, పై గేరులో, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు, సిలిండరులోని నూనె తుంపరో మసి రవ్వో స్పార్కు కంటే ముందే మంట పుట్టించవచ్చు. మామూలు నాకింగ్ అయితే కంప్యూటరు విని స్పార్కును వెనక్కి జరుపుతుంది. ఇది స్పార్కుకు ముందే పుడుతుంది కనుక దాన్ని ఆపే దారి లేదు, ఒక్కసారి గట్టిగా జరిగినా పిస్టను రింగుల మధ్య గట్టు విరగవచ్చు. ఇంజన్ ఆయిల్‌లోని కాల్షియం డిటర్జెంట్లు దీన్ని పెంచుతాయని తేలాక, 2018లో ఏపీఐ (ఆయిల్ ప్రమాణాలు నిర్ణయించే అమెరికా పెట్రోలియం సంస్థ) ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ ప్రమాణాల్లో దీనికోసం పరీక్షలు చేర్చారు.

అందువల్ల చేయవలసినవి రెండు. కారు పుస్తకంలో చెప్పిన ఫోక్స్‌వ్యాగన్ ప్రమాణంతో పాటు ఈ కొత్త ప్రమాణాన్నీ తీర్చే ఆయిల్ పోయించండి. ఆరో గేరులో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ దాటాలనిపిస్తే, ముందు రెండు మూడు గేర్లు తగ్గించి తర్వాత తొక్కండి. అదనపు టార్కు వచ్చాక గేరు మార్చే బద్ధకం పెరుగుతుంది, ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది.

వేసవిలో రీమ్యాప్ చేసిన కారు మందగించినట్టు అనిపిస్తుంది. లోపమా?

చాలాసార్లు కాదు, అది రక్షణ. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో బయటి గాలే 45 డిగ్రీలకు చేరుతుంది. టర్బో ఆ గాలిని నొక్కితే వంద డిగ్రీలు దాటుతుంది, ఇంటర్‌కూలరు దాన్ని బయటి ఉష్ణోగ్రత కంటే దిగువకు ఎన్నటికీ తేలేదు. వేడి గాలి పలచగా ఉంటుంది, నాకింగ్‌కు త్వరగా లొంగుతుంది, కనుక కంప్యూటరు బూస్టును, స్పార్కును తగ్గిస్తుంది. చల్లబరిచే వ్యవస్థ ముందుభాగం పురుగులతో, దుమ్ముతో నిండినా ఈ మందగింపు మరింత పెరుగుతుంది, కాబట్టి వేసవికి ముందు దాన్ని శుభ్రం చేయించడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

మ్యాపును డిసెంబరు ఉదయం కాక ఏప్రిల్ మధ్యాహ్నం రాయించుకోవడం మంచిదని కూడా ఇందుకే చెబుతున్నాను. ఎండలో నిలబడిన మ్యాపు చలిలో ఇబ్బంది పెట్టదు.

లాగ్‌లో ఏమేం చూడాలి?

స్టీరింగ్ కింద ఉండే, ఇంజను సమాచారం చదివే ఓబీడీ సాకెట్టుకు తగిన పరికరం తగిలించి, ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 2000 నుంచి 5500 ఆర్‌పీఎం వరకు ఒకసారి లాగి, పక్కన కూర్చున్న వారి చేత రికార్డు చేయించాలి. అడిగిన బూస్టు, వచ్చిన బూస్టు దగ్గరదగ్గరగా ఉండాలి. ఏదో ఒక సిలిండరులో స్పార్కు పదేపదే 3, 4 డిగ్రీలకు మించి వెనక్కి పోతుంటే మ్యాపు తగ్గించవలసిందే. ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, ఇంధన పీడనం, ఆయిల్ ఉష్ణోగ్రత కూడా అదే ఫైలులో ఉంచండి. క్లచ్ పరీక్ష ఇంకా సులభం: ఐదో గేరులో 2500 దగ్గర పూర్తిగా తొక్కినప్పుడు కారు వేగం పెరగకుండా ఆర్‌పీఎం ముల్లు మాత్రం ఎగబాకితే క్లచ్ జారుతున్నట్టే. ఆరు నెలలకు ఒకసారి ఇవే కొలతలు తీసి పాత వాటితో పోల్చుకుంటే, చెవికి వినబడని లోపం కాగితం మీద ముందే కనబడుతుంది.

సర్వీసు గడువులు మార్చాలా?

మార్చాలి. కంపెనీ చెప్పిన 15,000 కిలోమీటర్ల ఆయిల్ గడువును సగానికి తగ్గించండి. స్పార్కు ప్లగ్గులు కూడా త్వరగా మార్చాలి. సిలిండరులో పీడనం పెరిగితే స్పార్కు దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి కాబట్టి, అరిగి గ్యాపు పెరిగిన ప్లగ్గు మొదట మిస్‌ఫైర్ ఇస్తుంది, తర్వాత కాయిల్‌ను కాలుస్తుంది. చల్లని ఇంజనును మొదటి ఐదారు కిలోమీటర్లు బలవంతపెట్టకండి, ఘాట్ ఎక్కాక చివరి ఒకటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి ఆపండి.

ఓపెన్ ఎయిర్ ఫిల్టరు, పెద్ద సైలెన్సరు అవసరమా?

125 పీఎస్ స్థాయికి అవసరం లేదు. ఓపెన్ ఫిల్టరు తరచు బానెట్ కింది వేడి గాలినే పీల్చుతుంది, మన దుమ్ములో టర్బో రెక్కలకూ మంచిది కాదు. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరు తీసేయడం గురించి అడిగేవారికి నా సమాధానం ఎప్పుడూ ఒక్కటే: వద్దు. వెనక వచ్చే స్కూటరు మీది పసివాడు ఆ పొగ పీల్చాలి.

బ్రేకులు, టైర్లు?

శక్తి పెంచే ముందే వీటి సంగతి చూడాలి. పోలోలో ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉంటాయి. మంచి రకం ముందు ప్యాడ్లు, రెండేళ్లకొకసారి కొత్త బ్రేకు ఆయిల్, నాణ్యమైన టైర్లు ఉంటే ఈ స్థాయికి చాలు. అరకు ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడితే అది పాత బ్రేకు ఆయిల్ మరుగుతోందన్న హెచ్చరిక.

చట్టం ఏమంటుంది? బీమా మాటేమిటి?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో ఇదే నొక్కి చెప్పింది. అనుమతి లేని మార్పుకు 2019 సవరణలోని 182ఎ సెక్షను ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చంటుంది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే 190(2) కింద 10,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. రీమ్యాప్ కంటికి కనబడదు కనుక ఎవరూ పట్టించుకోరన్న వాదన ప్రమాదం జరిగిన రోజు నిలవదు. బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేసి, వారి జవాబును పాలసీతో పాటు దాచుకోండి. చెప్పని మార్పు బయటపడితే సొంత నష్టపు క్లెయిమ్ తిరస్కరించే అవకాశం వారికి దొరుకుతుంది. ఈ బాధ్యతలన్నీ తెలిసి, అంగీకరించిన తర్వాతే ముందుకు వెళ్లాలి.

1.0 ఎంపీఐ పోలోకు కూడా ఇలా చేయవచ్చా?

టర్బో లేని ఆ ఇంజనులో రీమ్యాప్‌తో వచ్చేది నామమాత్రం. దానికి బయటి నుంచి టర్బో బిగించాలంటే ఇంధన వ్యవస్థ, క్లచ్, కూలింగ్ అన్నీ మార్చాలి. ఆ డబ్బుతో మంచి స్థితిలో ఉన్న టీఎస్‌ఐ కొనుక్కోవడమే తెలివైన పని.

కారు అమ్మేటప్పుడు ఏం చేయాలి?

భద్రపరిచిన కంపెనీ ఫైలును తిరిగి ఎక్కించి, కొనేవారికి రీమ్యాప్ జరిగిన సంగతి, ఎన్ని కిలోమీటర్లు అలా నడిచిందీ చెప్పి, సర్వీసు బిల్లులు, లాగ్ ఫైళ్లు చేతికి ఇవ్వండి. నేను చూసినంతలో, దాచిన కారు కంటే ఇలా చూపించిన కారుకే బేరం త్వరగా కుదురుతోంది.